పేరు పెట్టింది నాన్నమ్మ

కథలు రాసేవారి ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం పాత్రల పేర్ల గురించే. మిగతావి వచ్చే నెలకి ఉంచి ఇవే తీసుకున్నాను.

ప్రశ్న: నా నవల్లో కథానాయకుడు 1962లో పార్వతీపురం దగ్గర పల్లెలో పుట్టిన కౌలురైతు. భూమి కోసం ఎవరికీ లొంగకుండా నిలబడతాడు. ఆ గుణం తెలిసేలా ‘విక్రమ్’ అని పెట్టాను. చదివిన స్నేహితురాలు టీవీ సీరియల్ హీరోలా ఉన్నాడంది. ఏం పేరు పెట్టమంటారు? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ స్నేహితురాలి మాట వినండమ్మా. బారసాల నాడు ఉయ్యాల్లో ఉన్న పిల్లాడు పెద్దయ్యాక ఎవరికీ లొంగడని ఎవరికి తెలుసు? పేరు పెట్టేది నాన్నమ్మో, తాతో. వాళ్ళకి తెలిసిందల్లా తీర్చాల్సిన మొక్కు, పోయిన పెద్దల పేరు. అంచేత ముందు ఆ నాన్నమ్మ ఎవరో ఆలోచించండి. ఆవిడ మీ నవల్లో ఒక్క పేజీలో కూడా కనబడకపోవచ్చు, అయినా సరే.

నేను విజయనగరం జిల్లాలో హాజరుపట్టీ పిలిచిన టీచర్ని. ఒక్కో తరగతిలో నలుగురైదుగురు అప్పలనాయుళ్ళు, అప్పలస్వాములు, అప్పలనర్సమ్మలు ఉండేవారు. అంతా సింహాచలం అప్పన్న చలవ. పైడితల్లమ్మ పేరన పైడిరాజు, పైడమ్మ. ‘సింహాచలం’ మగపిల్లాడి పేరూ అవుతుంది, ఆడపిల్ల పేరూ అవుతుంది. వేరే జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన మేష్టార్లు ఆ పేరు పిలిచి, లేచిన పిల్లని చూసి తెల్లబోయేవారు. పుట్టినవాళ్ళు పుట్టినట్టు పోతుంటే, ఈ బిడ్డయినా దక్కాలని పెంట మీద పడుకోబెట్టి తీసుకుని పెంటయ్య, పెంటమ్మ అని పిలుచుకునేవారు. ఆ పేరున్న మనిషి మీ కథలోకి వచ్చాడంటే, అతని కంటే ముందు పోయిన అన్నలూ అక్కలూ చెప్పకుండానే వెంట వస్తారు.

మీ రైతుకి అప్పలస్వామి చాలు. వాళ్ళమ్మ ‘అప్పలా’ అంటుంది. భూమి ఉన్న ఆసామి ‘ఒరే అప్పిగా’ అంటాడు. తోటి రైతులకి ‘అప్పన్న’. ఎమ్మార్వో ఆఫీసు నోటీసులో మాత్రం ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. వాడు లొంగని మనిషని విక్రమ్ చెప్పక్కర్లేదు. ఆసామి నోట ‘అప్పిగా’ ఎక్కడ ఆగి ‘అప్పలస్వామీ’ ఎక్కడ మొదలైందో చూపించండి. అప్పుడు మీరు, కథకురాలిగా, ‘వాడు’ అంటారా ‘అతను’ అంటారా అన్నది కూడా తేల్చుకోవలసి వస్తుంది. అది పేరు కంటే కష్టం.

ఊరు మారితే దేవుడు మారతాడు, పేరూ మారుతుంది. కోటప్పకొండ చుట్టుపక్కల కోటయ్య, కోటేశ్వరరావు. పెంచలకోన వైపు పెంచలయ్య. అహోబిలం దిక్కున ఓబులేసు, ఓబులమ్మ. యాదగిరిగుట్ట నీడన యాదయ్య, యాదమ్మ. కొమురవెల్లి మల్లన్న వల్ల కొమురయ్య, మల్లయ్య. మేడారం జాతర మొక్కుతో సమ్మయ్య, సారయ్య. కరీంనగర్ పల్లెల్లో లక్ష్మి ‘లచ్చవ్వ’ అయిపోతుంది. నెల్లూరు వైపు మస్తానయ్య, మస్తాన్‌రెడ్డి అని హిందువుల ఇళ్ళల్లోనే వింటాం, దర్గాకి మొక్కుకుని కన్న పిల్లలు.

దేవుణ్ణి నమ్మని ఇళ్ళల్లో కాలమే పేరు పెడుతుంది. నాస్తికోద్యమం నడిపిన గోరా గారు, ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అనీ, యుద్ధమేఘాలు కమ్ముకున్న 1939లో పుట్టిన కొడుక్కి సమరం అనీ పెట్టారు. ఆ పేర్లు వింటే పుట్టిన సంవత్సరం అడగక్కర్లేదు.

ప్రశ్న: పేరులో గుణం ఉండకూడదంటారు సరే. మరి గురజాడ లుబ్ధావధాన్లు అని పెట్టలేదా? – ఒక డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: పట్టేశావు నాయనా! పెట్టాడు. పిసినారికి లుబ్ధావధాన్లు, ముక్కు మీద కోపం ఉన్నాయనకి అగ్నిహోత్రావధాన్లు. పంచతంత్రంలో నక్క పేరు తెచ్చి కరటకశాస్త్రికి తగిలించాడు. అయితే ‘కన్యాశుల్కం’ నాటకం, పైగా వెటకారపు నాటకం. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడినప్పుడు కూచున్న జనానికి మనిషి రంగం మీదకి రాగానే పోలిక దొరకాలి. ఇంకో తెలివి చూడు. లుబ్ధ వెనకాల అవధాన్లు చేర్చాడు. అగ్రహారంలో వేదం చదివిన ఇంట నిజంగా వినబడే మాట అది. ఆ తోక ఉండబట్టి తల నమ్మేశాం. ఇక పక్కనే వెంకటేశం, బుచ్చమ్మ. ఏ ఇంట్లో పిలిచినా పలికే పేర్లు. దెబ్బ తినేవాళ్ళకి మామూలు పేర్లు, దెబ్బ కొట్టేవాళ్ళకి వెక్కిరింపు పేర్లు! నువ్వూ వెటకారం రాస్తే పెట్టుకో. మామూలు కథలో ‘దయానిధి’ అని పేరు పెట్టి వాడి చేత ముష్టి వేయిస్తే మాత్రం నేను ఆ పేజీ దగ్గరే మూసేస్తాను.

ప్రశ్న: కులం తెలియకూడదని నా పాత్రలందరికీ కిరణ్, రవి, స్వాతి లాంటి పేర్లే పెడుతున్నాను. ఇది మంచి పద్ధతేనా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీ ఉద్దేశం మంచిదే. కానీ కిరణ్ అని రాసినంతలో కులం మాయమైపోదు. చదివేవాడు ఆ ఖాళీలో తనవాణ్ణి కూచోబెట్టుకుంటాడు. మన కథల్లో ఏమీ చెప్పని పాత్ర అంటే పై కులం మనిషే అని ఎన్నేళ్ళు చదివేశామో మీకూ తెలుసు. కిరణ్ ఏ వీధిలో ఉంటాడో, కొత్త ఊళ్ళో ఇల్లు అద్దెకి అడిగితే ఓనరు ‘ఇంటిపేరేంటి బాబూ’ అన్నప్పుడు ఏం చెబుతాడో రాయండి. పేరు దాచినా ఆ ప్రశ్న ఆగదు.

రెండు పేర్ల మనుషుల్ని మన రచయితలు సరిగ్గా పట్టించుకోలేదని నాకనిపిస్తుంది. బడి రిజిస్టరులో సుజాత, ఆదివారం ప్రార్థనలో సువార్తమ్మ. క్రైస్తవులమని రాస్తే ఎస్సీ సర్టిఫికెట్ రాదు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అలా ఉంది. అందుకని ఇంట్లో ఒక పేరు, కాయితం మీద ఇంకో పేరు. అలాంటి అమ్మాయి మీ కథలో ఉంటే మీరు ఆమెని ఏ పేరుతో రాస్తారు? కథంతా సుజాత అని రాశారంటే ఆఫీసు గుమాస్తా చూపుతో రాసినట్టే.

ప్రశ్న: నిజంగా ఉన్న మనిషి పేరు పడిపోతే గొడవవుతుందేమో అని టెన్షన్. – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వెంకటేశ్వర్లు అన్న పేరుకి ఎవరూ గొడవకి రారు. ఇంటిపేరు, ఊరు, ఉద్యోగం మూడూ ఒకచోట కలిస్తేనే చిక్కు. ఒకటి మార్చేయండి.

ప్రశ్న: నా కథలో రమ, రమణి, రమాదేవి ఉన్నారు. ముగ్గురూ అక్కచెల్లెళ్ళు కాబట్టి అలా పెట్టాను. పాఠకులు తికమకపడతారా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నేను ఇప్పటికే పడ్డాను.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. అక్కడి తెలుగువాళ్ళ మీద కథ రాస్తున్నాను. కుర్రాడి పేరు వెంకట సాయి కార్తీక్. ఇంకా పొట్టిగా ‘కెవిన్’ లాంటిదేదైనా చేయాలా? – ఒక రిటైర్డ్ ఉద్యోగి, హనుమకొండ

జవాబు: కెవిన్ వద్దండి, మీ చేతిలో అంతకంటే మంచి సరుకుంది. మనకి ఇంటిపేరు ముందు, అక్కడ ఫారంలో ఇంటిపేరు చివర. ముందుండేది వెంకట. అంచేత ఆఫీసులో, ఆస్పత్రిలో, ఎయిర్‌పోర్టులో అందరూ ఆ కుర్రాణ్ణి ‘వెంకటా’ అనే పిలుస్తారు. ఇంట్లో ఆ పేరుతో వాణ్ణి ఎవరూ ఎప్పుడూ పిలవలేదు. అదే టీములో ఇంకో ఇద్దరు వెంకటలు, ఒక నాగ, ఒక సాయి ఉండటం కూడా మామూలే. వెంకట అన్నది తాతగారి మొక్కో, తాతగారి పేరో అయి ఉంటుంది. ఇక్కడ అది రేషన్ కార్డులో, సర్టిఫికెట్లలో పడి ఉండేది, అక్కడికెళ్ళాక మనిషి ముందు నిలబడింది. కథ రాసేముందు, అమ్మ ఫోన్ చేసినప్పుడు వాణ్ణి ఏమని పిలుస్తుందో ఒక కాయితం మీద రాసుకోండి. కార్తీకో, చిన్నానో, కన్నానో. మేనేజరు పక్కనే ఉండగా ఆ ఫోన్ స్పీకర్లో వచ్చిందనుకోండి, మొదటి సీను మీకు దొరికినట్టే. కథ పూర్తయ్యాక నాకు పంపండి, పేర్లు మాత్రం నేను మార్చను.