కలలో ముక్కు మూసి చూడండి

"పుట్టుకతో చూపు లేనివాళ్లకి కలలో కనిపిస్తుందా, చెవులు వినపడనివాళ్ల సంగతేంటి, వీళ్లకి లూసిడ్ డ్రీమింగ్, అంటే ఇది కల అని తెలిసి కలగనడం, కుదురుతుందా" అని అడిగారు.

మొదటిదానికి సగం జవాబు మన భాషలోనే ఉంది. రుచి చూస్తాం, వాసన చూస్తాం, తట్టి చూస్తాం, నాడి పట్టి చూస్తాం. పుట్టుకతో చూపు లేనివాళ్లు కలలో చూసేది ఆ చూపే. బొమ్మ ఉండదు, చీకటి కూడా ఉండదు. నల్లటి తెర వెనక మాటలు వినిపించడం అనేది కళ్లున్నవాళ్ల ఊహ. మీ వీపుకి ఇప్పుడు ఏం కనిపిస్తోంది? నలుపైతే కాదుగా.

చూపు ఏ వయసులో పోయిందన్నదే అసలు లెక్క. అయిదేళ్లలోపు పోతే కలలో బొమ్మలు రావు, ఏడు దాటాక పోతే మిగులుతాయి, మధ్యవాళ్లు ఎటైనా కావచ్చని 1888లోనే అమెరికా మనస్తత్వవేత్త జోసెఫ్ జాస్ట్రో తేల్చాడు. ఆ గీత ఇప్పటికీ పెద్దగా చెరగలేదు. మిగిలిన బొమ్మలు కూడా ఏళ్లు గడిచేకొద్దీ పలచబడతాయి. పైగా అవి పాత బొమ్మలు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను రాకముందే చూపు పోయిన విశాఖ మనిషికి కైలాసగిరి చెట్లు కూలాయని చెవులకి తెలుసు. కళ్లకి తెలియదు.

నన్నడిగితే, బొమ్మ కనిపిస్తుందా లేదా అన్నది కళ్లున్నవాళ్ల సరదా ప్రశ్న. చూపు లేనివాళ్లకి పనికొచ్చే ప్రశ్న పీడకలలది. 2014లో డెన్మార్క్ పరిశోధకులు నాలుగు వారాలు కలలు రాయించి చూస్తే, పుట్టు అంధుల కలల్లో పీడకలలు 25 శాతం తేలాయి. తర్వాత చూపు పోయినవాళ్లకి 7, చూపున్నవాళ్లకి 6. పుట్టు అంధులు 11 మందే, చిన్న గుంపు. అయినా ఆ కలల్లో ఉన్నవి చూడండి: బండి గుద్దడం, దారి తప్పడం, గోతిలో పడటం. మన ఊళ్లో అయితే ఇలా ఉంటుంది.

మద్దిలపాలెంలో బస్సు దిగాడు. తెల్లకర్ర చాపితే ఫుట్‌పాత్ అంచు తగలాలి, తగల్లేదు. రెండడుగులేస్తే గీతల పలకలు కాలికి దొరికాయి. హమ్మయ్య అనుకునేలోగా టిఫిన్ బండి పెనం సెగ ముఖానికి కొట్టింది. పక్కకి జరిగాడు, పలకలు మాయం. వెనక ఆటోల మోత ఉండాలి, సముద్రం హోరు వినిపిస్తోంది. కర్ర ముందుకి పెడితే కింద నేల లేదు.

(చూపు లేనివాళ్ల కోసం వేసిన పసుపు పలకల మధ్య స్తంభం పాతేవాళ్లకీ, వాటి మీద బండి పెట్టేవాళ్లకీ ఈ పీడకలల్లో వాటా ఉందని నా గట్టి నమ్మకం.)

ఈ కలలో తాళంచెవి సముద్రం హోరు. మద్దిలపాలెం ట్రాఫిక్‌లో అది వినపడదు. అది పట్టుకుని ఇది కల అని గుర్తించగలిగితే కల చేతికొచ్చినట్టే. కానీ నెట్‌లో దొరికే పాఠాలన్నీ కళ్లకే: అరచేతులు చూసుకో, గడియారం రెండుసార్లు చూడు, నిద్రలో కళ్ల మీద ఎర్రలైటు వెలిగించే మాస్కు పెట్టుకో. ఈ శాస్త్రం మొదలైందే కళ్లతో మరి. 1975లో ఇంగ్లండ్‌లో కీత్ హెర్న్, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్, నిద్రలో ఉన్న మనిషి కళ్లు కుడి ఎడమలకి తిప్పి ఇచ్చిన సంకేతంతోనే లూసిడ్ డ్రీమింగ్ నిజమని రుజువు చేశారు. లాబెర్జ్ పిడికిళ్లు బిగించి కూడా సంకేతం ఇచ్చాడు, దాన్నెవరూ పాఠం చెయ్యరు.

కళ్లతో పనిలేని పరీక్ష ముక్కు. నోరు మూసి, రెండు వేళ్లతో ముక్కు గట్టిగా నొక్కి, గాలి పీల్చండి. మెలకువలో రాదు. కలలో వచ్చేస్తుంది, ఎందుకంటే మంచం మీదున్న అసలు ముక్కుని ఎవరూ మూయలేదు. రోజుకి పదిసార్లు చెయ్యాలి, ఒక పనికి ముడిపెట్టాలి: కర్ర మడత విప్పిన ప్రతిసారీ, తలుపు గడియ తీసిన ప్రతిసారీ. యాంత్రికంగా చేస్తే తిరగబడుతుంది. "రాదులే" అనుకుంటూ నొక్కితే కలలోనూ రానట్టే అనిపిస్తుంది. నిజంగా అనుమానించి నొక్కాలి. దీనికి తోడు టాక్‌బ్యాక్‌ని (ఫోన్ తెర మీదున్నది చదివి వినిపించే సాధనం) టైమ్ రెండుసార్లు అడగడం, అదే బ్రెయిలీ వరుసని రెండుసార్లు తడమడం. రెండోసారి మారితే కలే.

రాత్రి పని: పదిన్నరకి పడుకుంటే మూడున్నరకి అలారం. కలల నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ, అందుకే అయిదు గంటల తర్వాత. లేచాక అరగంట కూర్చుని, ఆఖరి కలని మనసులో నడిపిస్తూ, హోరు వినిపించిన చోట ముక్కు మూసుకున్నట్టు ఊహించి, "ఈసారి కలని కలగా పట్టుకుంటా" అనుకుంటూ పడుకోవాలి. వారానికి రెండు రాత్రులు చాలు, మిగతా రోజులు నిద్రపోండి. మతిభ్రమకి మందులు వాడేవాళ్లు ఈ జోలికే వెళ్లొద్దు.

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. వెలుగు బొత్తిగా తెలియనివాళ్లలో సగానికి పైగా ఒంటి గడియారం 24 గంటలకి కుదరదు, రోజూ కాస్త కాస్త ఆలస్యమవుతూ పోతుంది. కొన్ని వారాలు నిద్ర చక్కగా పడుతుంది, కొన్ని వారాలు పగలు ముంచుకొస్తుంది. ఆ పాడు వారాల్లో మూడున్నర అలారం ఉత్త దండగ. ముందు డాక్టర్‌తో నిద్ర సంగతి తేల్చుకోండి.

కల పట్టుబడ్డాక ఉద్వేగంతో మెలకువ వచ్చేస్తుంటుంది. దానికి అరచేతులు రుద్దుకోమంటారు, బాగా పనిచేస్తుంది. గిరగిరా తిరగమని కూడా అంటారు. కర్రతో నడిచేవాళ్లకి తిరిగితే దిక్కు పోతుంది, నా మాట విని మానెయ్యండి. చేతులు రుద్ది, కర్రతో నేలని రెండుసార్లు కొట్టి, గొయ్యి ఉన్నచోట మెట్లున్నాయనుకుని దిగండి.

వినపడనివాళ్లకి పని సులువే, కళ్ల పాఠాలన్నీ వాళ్లకి పనికొస్తాయి. సైగల భాష వాడేవాళ్లు కలలోనూ సైగలతోనే మాట్లాడుకుంటారు. నిద్రలో వాళ్ల చేతి కండరాలు కదలడాన్ని 1935లోనే లూయిస్ మ్యాక్స్ అనే అమెరికా పరిశోధకుడు నమోదు చేశాడు. ఒక్క అలారమే తంటా: ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి దిండు గలీబులో దూర్చండి. పరుపు కింద పెడితే తెలియదు.

లేవగానే కదలకుండా ఒక నిమిషం ఉండి కలని గుర్తుచేసుకోండి. చూపు లేనివాళ్లు రికార్డర్‌ని హోమ్ స్క్రీన్ మీద ఒక మూలన పెట్టుకోవాలి, ఒక్క తాకుతో తెరుచుకునేలా. నాలుగు మెనూలు దాటేసరికి టాక్‌బ్యాక్ గోలలో కల కాస్తా ఎగిరిపోతుంది.