బైకు వీడియోలు గంటలకొద్దీ ఎందుకు చూస్తారు? బండి నడపడంలో అంత ఏముంది?

ఈ ప్రశ్న వేసినవారు "నడిపితే సరదా అంటే అర్థం చేసుకోగలను, ఎవరో నడుపుతుంటే చూడటంలో ఏముంది?" అని కూడా అడిగారు. నాకు దాని జవాబు మా నాన్నగారి కుడికాలిలో దొరికింది.

మాది గోకవరం దగ్గర పల్లె. నాన్నగారు ముప్పై ఏళ్ళు చింతపండు, జీడిపిక్కల వ్యాపారం చేశారు. రంపచోడవరం, మారేడుమిల్లి, అడ్డతీగల సంతలన్నీ బుల్లెట్ మీదే తిరిగేవారు. మద్రాసులో తయారైన పాత 350 అది. ఇప్పటి బండ్లకు గేరు ఎడమకాలికి ఉంటుంది గానీ దానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. ఫస్ట్ గేరు పైకి లేపాలి, మిగతా మూడూ కిందికి తొక్కాలి. స్టార్ట్ చేయడమే ఒక విద్య. డీకంప్రెసర్, అంటే ఇంజనులో ఒత్తిడి వదిలే మీట, నొక్కి పట్టుకుని, అమ్మీటరు (కరెంటు చూపించే మీటరు) ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కు మెల్లగా దించి, మీట వదిలేసి, అప్పుడు ఒక్క తన్ను తన్నాలి. తొందరపడితే కిక్కు ఎదురుతన్ని కాలు వాచిపోయేది. చిన్నప్పుడు సాయంత్రం రెండు వీధుల అవతలి నుంచి ఆ చప్పుడు వినపడగానే అమ్మ కాఫీకి నీళ్ళు పెట్టేది.

మూడేళ్ళ కిందట నాన్నగారికి పక్షవాతం వచ్చింది. మాట బాగానే తిరిగి వచ్చింది గానీ ఎడమ చెయ్యి, ఎడమ కాలు బలం తగ్గిపోయాయి. వాకిట్లో బండిని చూసి ఆయన పడే బాధ మేం చూడలేక దాన్ని అమ్మేశాం. అది తప్పని ఇప్పుడు అనిపిస్తుంది. నడపకపోయినా ఉండనివ్వాల్సింది.

ఒకరోజు రాత్రి భోజనాలయ్యాక టీవీలో హిమాచల్‌లోని స్పితి లోయలో తీసిన బైకు వీడియో పెట్టుకున్నాను. ఆ నడిపే అబ్బాయి ఒక్క మాట మాట్లాడడు, వెనక పాట లేదు. సింగిల్ సిలిండర్ ఇంజను చప్పుడు, టైర్ల కింద రాళ్ళ చప్పుడు, అంతే. నాన్నగారు పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు, నిద్రపోతున్నారనుకున్నాను. రోడ్డు ఎక్కుడు మొదలై ఇంజను గొంతు బరువెక్కింది. "థర్డ్‌లో లాగిస్తున్నాడు, పాపం. సెకండ్‌కి దించాలి" అన్నారు. రెండు క్షణాల్లో ఆ అబ్బాయి దించాడు, చప్పుడు విచ్చుకుంది. యథాలాపంగా కిందికి చూశాను. నాన్నగారి కుడిపాదం చెప్పులోంచి పైకి లేచి ఉంది. పాత బుల్లెట్‌కి గేరు దించాలంటే పైకే లేపాలి కదా.

ఆ తర్వాత అరగంట నేను టీవీ చూడలేదు, ఆ కాలునే చూశాను. ఎక్కుడు అయిపోయినప్పుడల్లా కిందికి తొక్కుతోంది, మలుపు ముందు లేస్తోంది. ఒక్కసారి కూడా తప్పలేదు. మా ఫిజియోథెరపీ ఆయన ఎంత బతిమాలినా పది నిమిషాలకు మించి కదలని మనిషి ఆయన.

అంచేత నా ఉద్దేశంలో మంచి బైకు వీడియోని కళ్ళతో చూడం. చెవితో విని కాళ్ళతో నడుపుతాం. బండి తోలడం వచ్చినవాడి ఒంట్లో ఆ జ్ఞాపకం ఎక్కడికీ పోదు, చప్పుడు వినపడితే లేచి కూర్చుంటుంది. అందుకే ఇంజను చప్పుడు తీసేసి సినిమా పాట అతికించే వాళ్ళంటే నాకు కోపం. రెండు సెకన్లకొక కట్, మధ్యలో డ్రోను, పైన థంబ్‌నెయిల్ మీద ఎర్ర బాణం గుర్తు. వంట చేసి ఉప్పూ కారం తీసేసి వడ్డించినట్టు ఉంటుంది. ఒక మలుపు మొదలైతే అది పూర్తయ్యేదాకా చూపించాలి, ఆ మాత్రం ఓపిక లేనివాళ్ళు కెమెరా పట్టుకోకూడదు.

కెమెరా ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యం. హ్యాండిల్‌కి కడితే బండి ఒరిగినప్పుడల్లా లోకం మొత్తం ఒరుగుతుంది, తల తిరుగుతుంది. హెల్మెట్ గడ్డం దగ్గర పెడితే నడిపేవాడి చూపు ఎటు పోతే బొమ్మ అటు పోతుంది. బాగా నడిపేవాడి తల బండి కంటే ముందు తిరుగుతుంది, మలుపు చివరెక్కడో వెతుకుతుంది. నాన్నగారు అది కూడా పట్టేశారు. "వీడు చక్రం ముందు గుంట చూడట్లేదురా, అవతలి అంచు చూస్తున్నాడు. మంచిగా తోలతాడు" అన్నారు.

వేగం చూపించే వీడియోల గురించి ఒక మాట. బ్రిటన్ పక్కనున్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో 1907 నుంచి జరిగే టీటీ (టూరిస్ట్ ట్రోఫీ) బైకు రేసులు ఉన్నాయి. ఇళ్ళ మధ్య మామూలు రోడ్డు మీద 60 కిలోమీటర్ల చుట్టు, 2023లో పీటర్ హిక్‌మన్ దాన్ని గంటకు సగటున 219 కిలోమీటర్ల వేగంతో తిరిగాడు. అది వేరే లోకం, వాళ్ళకు దండం పెడతాను. కానీ మన హైవే మీద జనం మధ్య 140 కొట్టి స్పీడోమీటరు చూపించేవాళ్ళకు బండి రాదని నా గట్టి నమ్మకం. సైలెన్సర్ మార్చి వీధి వీధంతా లేపేవాళ్ళకు అసలు ఇంజను చప్పుడు వినడమే రాదు. దానికంటే నోరలీ అనే డచ్ మహిళను చూడండి. భూగర్భ శాస్త్రం ఉద్యోగం వదిలేసి 2018లో మన దేశంలోనే హిమాలయన్ అనే రాయల్ ఎన్‌ఫీల్డ్ బైకు కొని, దాని మీద నెదర్లాండ్స్ దాకా వెళ్ళింది. బండి పడిపోతే పడిపోవడం కూడా చూపిస్తుంది. అలాంటివి చూస్తే నేర్చుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇక నడపడంలో ఏముంది అంటే, కారులో మనం కూర్చుంటాం, బండి మీద మనం పని చేస్తాం. ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌నే కొంచెం ముందుకు నెట్టాలి. చెబితే చాలామంది నమ్మరు గానీ వేగం మీదున్న బండి తిరిగేది అలాగే. లైసెన్సు టెస్టులో ఎనిమిది అంకె వేయిస్తారు, ఇది మాత్రం చెప్పరు. ఘాట్ దిగేటప్పుడు సెకండ్‌లో వేసి ఇంజనుతో ఆపుకోవాలనీ చెప్పరు. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దించేవాళ్ళను నేను మారేడుమిల్లి దగ్గర ప్రతి వారం చూస్తున్నాను. వాగు దాటుతుంటే ఒక్కసారిగా తగిలే చల్లదనం, ఎండాకాలం మొదట్లో ఇప్పపూల వాసన, ఇవి అద్దాలు ఎత్తిన కారులోకి రావు. ఆ గంటసేపూ అప్పు, ఆఫీసు, టెన్షన్ ఏవీ గుర్తురావు, గుర్తొస్తే మలుపు తప్పుతాం.

ఆ రాత్రి తర్వాత నాన్నగారి కోసం నేనే ఒక వీడియో తీశాను. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగే ఘాట్, ఆయన రోడ్డు. మొదటిసారి గాలి హోరు తప్ప ఏమీ రికార్డు కాలేదు. రెండోసారి మైకుకి స్పాంజి ముక్క చుట్టి, గాలి తగలకుండా సీటు వెనక కట్టాను. మాట్లాడలేదు, ఎక్కడా కత్తిరించలేదు.

నాన్నగారు మొత్తం చూశారు. మొదట తిట్టారు. "మలుపులో హారన్ కొట్టవేంట్రా? ఎదర లారీ ఉంటేనో?" తర్వాత ఒక మలుపు దగ్గర ఆపమన్నారు. 1986 ఆగస్టు వరదల్లో శబరి నది ఎగదన్ని కింద చింతూరు దారి మునిగితే, అక్కడే మూడు రోజులు ఆగిపోయారట. అక్కడి గిరిజనులైన కొండరెడ్ల ఇంట్లో పడుకున్నారట. వాళ్ళు అంబలి పోశారట, చింతపండు బస్తాలు తడవకుండా తమ తాటాకులు తీసి కప్పారట. నాకు నలభై నాలుగేళ్ళు. ఈ సంగతి ఒక్కసారి కూడా నాతో చెప్పలేదు. ఆ మలుపు కనపడితే గానీ ఆయనకూ గుర్తురాలేదు.

అయిపోయాక, "దిగడం చూపించావు, ఎక్కడం ఏదిరా? బుల్లెట్ మాట్లాడేది ఎక్కుడులోనే" అన్నారు. నాది బుల్లెట్ కాదు, హిమాలయన్. మా ఊరి మెకానిక్‌ని అడిగితే కుడికాలి గేరున్న పాత బండి ఒకటి ఉందన్నాడు, రెండు రోజులు వాడుకోవడానికి ఇస్తానన్నాడు. శనివారం రాత్రికి చింతూరులో ఉంటాను. ఆదివారం మంచు విడిచాక కిందినుంచి మొదలుపెడతాను. ఈసారి ప్రతి మలుపులో హారన్ కొట్టాలి.