రేకు ఎటు తిరిగుందో చూడు పాపా

కావలి, ఆదివారం

పాపా,

నువ్వు ప్రాజెక్టుకి స్లాటెడ్ వేవ్‌గైడ్ యాంటెన్నా తీసుకుని, దాని లీనియర్ పోలరైజేషన్‌ని సర్క్యులర్‌గా మారుస్తావంట. అంటే చీలికలు (స్లాట్లు) కోసిన లోహపు గొట్టం నుంచి ఒకే గీత మీద ఊగుతూ వచ్చే తరంగాన్ని గుండ్రంగా తిరుగుతూ పోయేట్టు చెయ్యడం. మీ నాన్న రాత్రి ఫోన్లో చెప్పాడు. వాడికి ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ గొంతులో గర్వం దాగలేదు. నాకు అర్థమైంది కాబట్టి నిద్ర పట్టలేదు.

10 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు గాలిలో 30 మిల్లీమీటర్లయితే డబ్ల్యూఆర్-90 అనే సైజు గొట్టంలో దాదాపు 39.7. స్లాట్ల మధ్య దూరం అందులో సగం. ఇది నీకు నేను చెప్పాలా!

'మెలికల గీతల రేకు' అన్నాడు మీ నాన్న. అంటే మియాండర్-లైన్ పోలరైజర్, తరంగాన్ని అలా గుండ్రంగా మార్చేది అదే. నా భయమంతా దాంతోనే. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనూ అదే చేశాను. గీతలు 45 డిగ్రీల వాలులో ఉంటే స్లాట్ నుంచి వచ్చే ఫీల్డ్ రెండు సమాన భాగాలవుతుంది. గీతల వెంబడి ఉన్న భాగానికి అవి ఇండక్టర్, అడ్డంగా ఉన్నదానికి కెపాసిటర్. ఒకటి ఊపుని ఒకవైపు జరిపితే ఇంకోటి రెండోవైపు జరుపుతుంది. పొరలన్నీ దాటేసరికి రెంటి మధ్య ఫేజ్ తేడా, అంటే ఊపులో వెనకాముందు, 90 డిగ్రీలు రావాలి. వచ్చింది కూడా. లీనియర్ హార్న్‌ని, అంటే ఒకే గీత మీది ఊపుని పట్టే బూరలాంటి యాంటెన్నాని, ఎదురుగా పెట్టి గుండ్రంగా తిప్పితే మీటరు ముల్లు కదిలీ కదలనట్టుంది. గుండ్రం ఎంత సమంగా ఉందో చెప్పే యాక్సియల్ రేషియో (సున్నా అయితే నిండు గుండ్రం) 3 డీబీ లోపుంటే చాలనుకుంటే ఒకటి దగ్గరికొచ్చింది. నెల్లూరు నుంచి మలైకాజాలు తెప్పించి అందరికీ పంచాను.

తర్వాతి వారం అవతలి కుడిచేతి యాంటెన్నాతో లింకు పెడితే సిగ్నలే లేదు. రెండు రోజులు కేబుళ్లు మార్చాను, ఆంప్లిఫయర్‌ని తిట్టాను. మూడోరోజు మా ఫిట్టర్ తాత రేకు దగ్గర వంగి, "మీ పెన్సిల్ గుర్తు లోపలికి పోయిందే సారూ" అన్నాడు. రేకు తిరగేసి బిగించాం! ముందు నుంచి చూస్తే గీతల వాలు అటుది ఇటైంది, కుడివైపు తిరగాల్సిన తరంగం ఎడమవైపు తిరిగింది, అంటే కుడిచేతిది ఎడమచేతిదైంది. కుడి మర బోల్టుకి ఎడమ మర నట్టు ఎక్కుతుందా? లీనియర్ హార్న్‌ని ఎంత తిప్పినా ఏ చేతిదో అది చెప్పదు పాపా. దానికి రెండూ ఒకటే. మలైకాజాలు తిన్నవాళ్లంతా రిటైరయ్యే దాకా నన్ను ఎగతాళి చేశారు.

అందుకే కుడిచేతిదొకటి, ఎడమచేతిదొకటి, తెలిసిన యాంటెన్నాలు రెండూ పెట్టి చూడు. ఇంజనీర్లు తరంగం పోయే వైపు చూసి కుడి ఎడమ చెబుతారు. ఆప్టిక్స్ పుస్తకాల్లో చాలావరకు ఎదురు నిలబడి చెబుతారు. ఏ లెక్కో నోట్సు మొదటి పేజీలోనే రాసుకో. గుర్తుకి పెన్సిల్ వద్దు, మార్కర్ వాడు.

పవర్ ఉన్నప్పుడు స్లాట్లలోకి తొంగి చూశావో, ఊరుకోను. ముసలాడి చాదస్తం అనుకున్నా సరే, నీ కళ్లు నాకు ముఖ్యం.

పండక్కి వచ్చేటప్పుడు ఒక రేకు తీసుకురా. నా పాత హార్న్ అటక మీదే ఉంది, మీ పెద్దమ్మ ఇంకా పాత సామాన్లవాడికి వెయ్యలేదు. రెండు రోజులు ఉండేట్టు రా, చేపల పులుసు రెండో రోజుకి గానీ బాగుండదు.

మీ పెదనాన్న