నది ఓడల పొగ మీద పనిచేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నదుల్లో తిరిగే సరుకు ఓడల పొగతో ఒడ్డున ఉండేవాళ్లు పీల్చే గాలి పాడవుతోందని చదివాక, ఈ రంగంలోనే పనిచేయాలనిపిస్తోంది. మెకానికల్ వదిలేసి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌కు మారమంటారా?

జవాబు: మారొద్దు. ఈ పొగకు మూలం ఇంజిన్. మీరు చదువుతున్నదే అది.

యూరప్‌లో 2011 నుంచి నది ఓడల డీజిల్‌లో గంధకం మిలియన్‌కు 10 భాగాలు దాటకూడదు. అలా ఇంధనం శుభ్రపడినా నైట్రోజన్ ఆక్సైడ్లు, మసి పోలేదు. ఓడ ఇంజిన్లు దశాబ్దాల పాటు నడుస్తాయి మరి. ఇంజిన్ల పొగకు హద్దులు పెట్టే అక్కడి స్టేజ్ ఫైవ్ నిబంధనల్లో 300 కిలోవాట్లు, ఆపైన ఉన్న ఇంజిన్లకు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోవాట్ అవర్‌కు 1.8 గ్రాములే. కానీ అది కొత్త ఇంజిన్లకు. పాతవాటికి మసిని పట్టే ఫిల్టర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే, యూరియాతో పనిచేసే క్యాటలిస్టులు బిగించాలి. అసలు ఇంజినీరింగ్ అక్కడే ఉంది. ఏటికి ఎదురు వెళ్లే ఓడలో ఇంజిన్ మీద లోడ్ ఎక్కువ, పొగ బాగా వేడిగా ఉంటుంది, క్యాటలిస్ట్ చక్కగా పనిచేస్తుంది. అదే ఓడ ఖాళీగా వాలుకు వస్తుంటే పొగ వేడి చాలదు. అప్పుడేం చేయాలన్నది థర్మోడైనమిక్స్ తెలిసినవాళ్లు తేల్చాలి.

రెండో దారి, నాకు ఇంకా ఇష్టమైనది, కొలవడం. ఒడ్డున ఒక గొట్టం గాలిని పీలుస్తూ ఉంటుంది. ఓడ దాటాక పొగ అక్కడికి చేరగానే తెర మీద కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్ల గీతలు రెండూ ఒకేసారి లేస్తాయి. పొగ గాలిలో ఎంత పలచబడినా రెండూ ఒకేలా పలచబడతాయి కాబట్టి వాటి నిష్పత్తి పెద్దగా మారదు. కిలో డీజిల్ కాలితే సుమారు 3.2 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఈ లెక్కతో, ఓడ ఎక్కకుండానే అది కిలో ఇంధనానికి ఎంత కాలుష్యం వదిలిందో చెప్పొచ్చు. గాలి ఒడ్డు నుంచి నది వైపు వీస్తే మాత్రం ఆ రోజు డేటా రాదు. ఓపిక కావాలి.

ఒక్క మాట. కేవలం నది ఓడల పొగ మీద ఉద్యోగాలు తక్కువ. మొదటి ఉద్యోగం లారీ, జనరేటర్ ఇంజిన్ల ఎమిషన్ టెస్టింగ్‌లో దొరికినా చేరిపోండి. ఎనలైజర్లు, లెక్కలు చాలావరకు అవే. తర్వాత ఓడ ఇంజిన్ల కంపెనీలు, ఓడలను తనిఖీ చేసే క్లాసిఫికేషన్ సొసైటీలు, పోర్టులు, పరిశోధన సంస్థల వైపు వెళ్లొచ్చు. పైథాన్‌తో డేటా విశ్లేషణ ఇప్పుడే నేర్చుకోండి. పీజీ చేయాలనుకుంటే ఇంజిన్ దహనం లేదా గాలి నాణ్యత తీసుకోండి.

డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. దాన్ని రోజూ పీల్చే మొదటి మనుషులు ఆ ఓడల్లో పనిచేసేవాళ్లే. వాళ్ల గురించి ఆలోచించే ఇంజినీర్లు ఈ రంగానికి ఎంతో అవసరం.

ఫైనలియర్ ప్రాజెక్టు ఇంకా ఖరారు కాకపోతే, తక్కువ లోడ్‌లో డీజిల్ ఇంజిన్ పొగ ఉష్ణోగ్రత, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎలా మారతాయో మీ కాలేజీ ల్యాబ్‌లోనే కొలవొచ్చేమో ఈ వారమే గైడ్‌ను అడగండి.