బ్యాంకు పాలసీ బ్యాంకుకే, మీకు కాదు

"లోన్ కోసం బ్యాంకు ఎలాగూ టైటిల్ ఇన్సూరెన్స్ తీయిస్తోంది, మళ్ళీ నా పేరున ఇంకొకటి ఎందుకు?" అని అడిగారు కదండీ. ఇల్లు కొన్నప్పుడు నేనూ ఇలాగే అనుకున్నాను. టైటిల్ ఇన్సూరెన్స్ అంటే, ఇంటి యాజమాన్య హక్కులో పాత లోపం ఏదైనా బయటపడితే వచ్చే నష్టానికి బీమా. ఆ పాలసీకి డబ్బు కట్టేది మీరే అయినా, అది కాపాడేది బ్యాంకు అప్పును మాత్రమే. అప్పు తీరేకొద్దీ ఆ రక్షణా తగ్గిపోతుంది. రేపు ఎవరో వచ్చి ఈ ఇంట్లో నాకూ వాటా ఉందంటే, మీరు చేతినుంచి పెట్టిన సొమ్ముకు దిక్కుండదు.

రికార్డులు వెతికించాం కదా అంటారేమో. పాత దస్తావేజులో ఫోర్జరీ సంతకమో, ఎవరూ చెప్పని వారసుడో ఉంటే ఆ వెతుకులాటలో దొరక్కపోవచ్చు. మీ పేరున తీసుకునే ఓనర్ పాలసీ ఉంటే, కవరయ్యే తగాదాకి కోర్టు ఖర్చులు కూడా కంపెనీయే పెట్టుకుంటుంది. నా లెక్కలో అసలు లాభం అదే. ప్రీమియం కూడా ఒక్కసారే, ఏటేటా ఉండదు.

నేనైతే తీసుకుంటాను. కాకపోతే సంతకానికి ముందే మినహాయింపుల పేజీ తెప్పించుకుని చదవండి. అందులో రాసిన, పక్కవాళ్ళు మీ స్థలంలోంచి వెళ్ళే దారి హక్కు లాంటివాటికి పైసా రాదు. కొన్నాక మీవల్ల పుట్టే గొడవలకూ అంతే. రెండు పాలసీలూ ఒకే కంపెనీలో ఒకేసారి తీసుకుంటే చాలాచోట్ల రేటు తగ్గిస్తారు, అడిగి చూడండి.