చీమకుర్తి నుంచి తిరిగి వచ్చిన మీ తమ్ముడి విషయం

నమస్కారమండీ. గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ మూతపడి 2020 మార్చి నుంచి జీతం లేక ఊరికి చేరుకున్న మీ తమ్ముడు పంచాయతీలో ఉపాధి హామీ పని అడిగితే, ‘ఇప్పుడు పనుల్లేవు, తర్వాత చూద్దాం’ అన్నారని రాశారు. ఆయన నోటిమాటగా అడగడమే ఇక్కడ జరిగిన పొరపాటు. 2020లో అమల్లో ఉన్న 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం ప్రకారం రాతపూర్వకంగా దరఖాస్తు చేసిన 15 రోజుల్లోగా పని చూపించాలి. చూపించలేకపోతే మొదటి 30 రోజులకు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత కనీసం సగం నిరుద్యోగ భృతిగా చెల్లించాలి. అయితే తేదీ వేసిన రసీదు చేతిలో లేనిదే ఆ 15 రోజుల లెక్క నిరూపించడం కష్టం. పంచాయతీలో తీసుకోకపోతే ఎంపీడీఓ (మండల పరిషత్ అభివృద్ధి అధికారి) కార్యాలయంలో ఇచ్చి రసీదు అడగండి. ఉపాధి పనికి కావలసిన జాబ్ కార్డు కుటుంబానికి ఇచ్చేది కనుక మీ నాన్నగారి కార్డులో అతని పేరు ఉందేమో ముందు చూసుకోండి.

నిధుల్లేక పనుల్లేవని అన్నా, ఆ మాట 2020లో నిలిచేది కాదు. ఉపాధి హామీకి బడ్జెట్‌లో ఇచ్చిన 61,500 కోట్లకు అదనంగా మరో 40,000 కోట్లు ఇస్తున్నట్టు కేంద్రం ఆ ఏడాది మే 17న ప్రకటించింది. అప్పట్లో రోజు కూలి 237 రూపాయలన్నది మాత్రం తవ్విన మట్టి కొలతను బట్టి వచ్చేది. రాయికి మెరుగుపెట్టిన చేతులకు గడ్డపార అలవాటయ్యేదాకా అంత పడకపోవచ్చు.

అతని జీతంలో పీఎఫ్ (భవిష్య నిధి) కోత ఉండి ఉంటే, 2020లో కోవిడ్ కారణంగా ఇచ్చిన వెసులుబాటు కింద ఆ నిల్వలో 75 శాతం లేదా మూడు నెలల మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంత తీసుకునే వీలుండేది, తిరిగి కట్టే పని ఉండేది కాదు. నా మట్టుకు, అద్దె బాకీకి అప్పు చేయడం కన్నా అప్పట్లో అదే మేలు.