టోపీని తిరగేసి చూడండి

పిల్లలూ,

ఆసుపత్రిలో క్యాన్సర్ చికిత్స తీసుకుంటున్న పిల్లల కోసం మీరు కుట్టి పంపిన పన్నెండు టోపీలూ అందాయి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను. పసుపు గుడ్డ మీద చేపలు ఈదుతున్న టోపీని చూస్తే నాకే పెట్టుకోవాలనిపించింది. పైనుంచి చూడడం అయ్యాక, అలవాటు కొద్దీ, అన్నింటినీ తిరగేశాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం అక్కడ కనిపించినదే.

లోపల కుట్లు గట్టిగా లేచి ఉన్నాయి. దారం ముడులు అలాగే వదిలేశారు. మన తలకైతే అవేవీ తెలియవు, మధ్యలో జుట్టు అడ్డం ఉంటుంది కనక. కీమో, అంటే క్యాన్సర్‌కు ఇచ్చే మందుల చికిత్స, మొదలుపెట్టిన రెండు మూడు వారాలకు చాలామంది పిల్లలకు జుట్టు రాలడం మొదలవుతుంది. ఆ రోజుల్లో తల చర్మం పచ్చిగా ఉంటుంది, దిండుకు ఆనినా మంటే. అలాంటి తలకు మీ టోపీలో మొదట తగిలేది చేప బొమ్మ కాదమ్మా, దాని వెనకున్న ముడి.

నేనూ ఇదే పొరపాటు చేశాను. మొట్టమొదట కుట్టిన టోపీకి చుట్టూ చమ్కీలు, ముందు ఒక పువ్వు, లోపల నున్నటి లైనింగు. ఒక చిన్నపిల్లకు పెట్టారు. పది నిమిషాలకు తీసేసింది. నుదుటి మీద ఎర్రటి గీత. ఆ లైనింగు తల మీద నిలవక జారుతుంటే పిల్ల రెండు చేతులతో పట్టుకుని కూర్చుందని వాళ్లమ్మ చెప్పింది. ఎంతో మొహమాటంగా, నన్ను నొప్పించకుండా చెప్పింది. ఆ రాత్రి ఇంటికొచ్చి చమ్కీలన్నీ ఊడదీశాను. అప్పటినుంచి ఏ టోపీ పూర్తయినా ముందు తిరగేసి, మోచేతి లోపలి వైపు మెత్తటి చర్మానికి రుద్ది చూస్తాను. మీరూ అలాగే చూడండి. గీరుకుంటే విప్పి మళ్లీ కుట్టండి.

గుడ్డ సంగతి. బనియన్ గుడ్డ, అంటే సాగే నూలు హోజరీ, దీనికి మించినది నాకు దొరకలేదు. ఉన్ని చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, దురద పెడుతుంది. నూలు గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుంది కాబట్టి కత్తిరించక ముందే ఒకసారి ఉతికి ఆరేయండి. ముదురు రంగులైతే తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడండి. జ్వరం దిగేటప్పుడు పిల్లల తలకు చెమట పడుతుంది, రంగు దిగితే దిండంతా అవుతుంది.

సాగుడు ఎటుందో రెండు చేతులతో లాగి చూసి, అది తల చుట్టూ వచ్చేట్టు గుడ్డ పరవండి. మీరు పంపినవాటిలో మూడింటికి సాగుడు నిలువుగా ఉంది. అవి తలకు ఎక్కవు. అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు, ఏడాదికి 46, అయిదేళ్లకు 51, పదమూడు పద్నాలుగేళ్లకు 54 నుంచి 56. బాగా సాగే గుడ్డయితే టోపీ పూర్తయ్యాక కొలత తలకన్నా మూడు సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. అంతకన్నా బిగించకండి. స్టెరాయిడ్ మందులు వాడే రోజుల్లో ముఖం ఉబ్బుతుంది, నిన్న సరిపోయినది వారం తిరిగేసరికి పట్టేస్తుంది. అంచుకు ఎలాస్టిక్ వద్దనేది అందుకే. లోతు మాత్రం మామూలు టోపీకన్నా ఎక్కువ ఇవ్వండి. జుట్టు లేనప్పుడు చెవుల పైభాగమూ మెడ మీది భాగమూ బోసిగా, చల్లగా ఉంటాయి. అయిదేళ్ల బిడ్డకు నడినెత్తి నుంచి 20 సెంటీమీటర్లు దిగాలి, దాని కింద మడుచుకోవడానికి ఇంకో అయిదు.

మిషన్‌కు 11 నంబరు బాల్‌పాయింట్ సూది, అంటే మొన గుండ్రంగా ఉండేది, వేయండి. మామూలు సూది హోజరీ పోగులను తెంపేస్తుంది, రెండు ఉతుకులకు చిల్లులు పడతాయి. సన్నటి జిగ్‌జాగ్ కుట్టు వేస్తే టోపీ సాగినా దారం తెగదు.

నా చేతిలో బాగా కుదిరినది రెండు పొరల టోపీ. రెండు టోపీలు విడివిడిగా కుట్టి, మంచివైపులు ఎదురెదురుగా పెట్టి అంచు కలిపి, నాలుగు వేళ్లు పట్టేంత సందు వదలాలి. అందులోంచి తిరగేసి, ఆ సందును చేత్తో మూసేయాలి. కుట్లన్నీ రెండు పొరల మధ్య దాక్కుంటాయి. నిలువు కుట్టు వెనక నడిమధ్యకు రానివ్వకండి, రోజంతా పడుకునే బిడ్డకు అది తల కింద గట్టు. పక్కకు జరపండి. బొమ్మ అతకాలనుకుంటే పొరలు కలపక ముందే పైపొరకు కుట్టేయండి. ఎలుగుబంటి చెవులు కావాలంటే దూది కూరకుండా పలచగా పెట్టండి.

ఈ పద్ధతిలో నాకు మరీ ఇష్టమైన సంగతి ఒకటుంది. ఒకవైపు చుక్కలు, ఇంకోవైపు చారలు వేస్తే ఈరోజు ఏది పైకి రావాలో బిడ్డే చెబుతుంది. సూది ఎప్పుడు గుచ్చాలో, మందు ఎప్పుడు మింగాలో, ఎన్నాళ్లు మంచం మీద ఉండాలో, ఏదీ తన చేతిలో లేని పిల్లలు వాళ్లు. చుక్కలా చారలా అన్నది వాళ్ల చేతిలో ఉండనివ్వండి. ఇచ్చేటప్పుడు కూడా పదిమంది పిల్లలుంటే పదిహేను టోపీలు పంపండి. చివరి బిడ్డకూ ఏరుకునే అవకాశం ఉండాలి. పద్నాలుగేళ్ల కుర్రాడికి కుందేలు చెవులు పంపకండి, వాడికి ఒకే రంగుది, బూడిదో నలుపో చాలు. ఎండలో తిరగగలిగే పిల్లలకు, ముఖ్యంగా తలకు రేడియేషన్ ఇచ్చినవాళ్లకు, వెడల్పు అంచున్న పలచటి టోపీలు కొన్ని ఉండాలి.

ఇక ఖచ్చితంగా వద్దనే మాటలు. గుండీలు, పూసలు వద్దు, చిన్నపిల్లలు పీకి నోట్లో వేసుకుంటారు. గడ్డం కింద కట్టే తాళ్లు వద్దు, మెడకు చుట్టుకుంటాయి. జరీ దారం, లోహం ఏదీ వద్దు. ఎమ్మారై స్కానింగుకు వెళ్లేటప్పుడు టోపీ తియ్యడం ఎవరైనా మరిచిపోతే లోహపు పోగు వేడెక్కి చర్మం కాలుతుంది. గుండుసూదులు పని మొదలుపెట్టేటప్పుడు లెక్కపెట్టండి, ముగించాక మళ్లీ లెక్కపెట్టండి. లెక్క తప్పితే దొరికేదాకా ఒక్క టోపీ కూడా గది దాటకూడదు. మిషన్ సూది విరిగితే ముక్కలన్నీ కలిపి సూది పూర్తయిందో లేదో చూడండి. చివర్లో ప్రతి టోపీ మీదా అయస్కాంతం తిప్పండి. ఈ విషయంలో నేను కఠినంగా ఉంటాను, ముందే చెబుతున్నాను.

శుభ్రత కూడా అంతే. కీమో మందులు తెల్ల రక్తకణాలను తగ్గించేస్తాయి. మనకు జలుబుతో పోయేది వాళ్లను ఐసీయూకు చేర్చవచ్చు. దగ్గు, తుమ్ములు ఉన్న రోజు కుట్టుకు రాకండి, నేనేమీ అనుకోను. కుట్టడం పూర్తయ్యాక వాసన లేని సబ్బుతో ఉతికి, పూర్తిగా ఆరాక, ఒక్కో టోపీని ఒక్కో పారదర్శక కవరులో పెట్టి మూయండి. అత్తరు, అగరుబత్తి, సిగరెట్, ఏ వాసనా అంటకూడదు. కీమో రోజుల్లో మంచి వాసనకు కూడా కడుపులో తిప్పుతుంది. కవరు మీద తల కొలత, గుడ్డ రకం రాయండి, నర్సు తెరవకుండానే ఏరగలుగుతుంది. అసలు మొదటి టోపీ కత్తిరించక ముందే ఆ వార్డు నర్సుతో మాట్లాడండి. ఏ వయసువాళ్లు ఎందరు, బయటినుంచి వచ్చినవి తీసుకుంటారా, ఎలా ఇమ్మంటారు, అన్నీ ఆమెకే తెలుసు.

లోపలికి రానిస్తే సంతోషం, రానివ్వకపోతే గుమ్మం దగ్గర ఇచ్చి వచ్చేయండి. ఫొటోలు అడగకండి. జబ్బేమిటని అడగకండి. "త్వరగా తగ్గిపోతుంది" అని చీటీ రాయకండి. అందరికీ తగ్గదు, ఆ చీటీ తల్లిదండ్రులు దాచుకుంటారు. "ఈ చేపలు నీకోసం కుట్టాను" అని రాస్తే చాలు. మంచం పక్కన అన్నో చెల్లో ఉంటే వాళ్లకూ అదే గుడ్డతో ఒకటి ఇవ్వండి. ఇంట్లో ఒక బిడ్డ జబ్బు పడితే రెండో బిడ్డ ఒంటరిదైపోతుంది. మిగిలిన ముక్కలతో బొమ్మకు టోపీ కుట్టవచ్చు. ఒక పాప తనకన్నా ముందు బొమ్మకే పెట్టింది, ఆ తర్వాతే తన తల ఇచ్చింది.

చేప టోపీ బాగుంది, లోపలి ముడులు నేనే తీసేసి మళ్లీ కుట్టాను. మిగతా పదకొండూ మీకోసం ఉంచాను, మీ చేతులతోనే విప్పాలి. ఆదివారం రండి. నాలుగు రంగుల హోజరీ ఉతికి ఆరేశాను. వచ్చేటప్పుడు టేపు, మంచి కత్తెర తెచ్చుకోండి. అయస్కాంతం నా దగ్గర ఉంది.

మీ పెద్దమ్మ